పొదుపు పూచీ మీద ప్రభుత్వ భవనాల్లో కరెంటు ఖర్చు తగ్గించే పనులు: సంతకానికి ముందు తేల్చుకోవాల్సినవి

అడిగిన ప్రశ్న ఇదీ: ఒక ప్రభుత్వ విభాగం కింద ఇరవై పైచిలుకు పాత భవనాలున్నాయి. ఆఫీసులు, బడులు, ఒక ఆసుపత్రి. లైట్లు, చిల్లర్లు (ఏసీకి నీళ్లను చల్లబరిచే పెద్ద యంత్రాలు), పంపులు అన్నీ మార్చాల్సినవే, కానీ పెట్టుబడికి డబ్బు లేదు. ఒక కంపెనీ వచ్చి, "అన్నీ మేం మారుస్తాం, తగ్గిన బిల్లుతోనే అప్పు తీరిపోతుంది, తగ్గకపోతే లోటు మేం కడతాం" అంటోంది. ఒప్పుకోవచ్చా? ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఒప్పుకోవచ్చు. ఇది కొత్త ప్రయోగం కాదు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భవనాలకు 1992 చట్టంతో ఇలాంటి ఒప్పందాలకు అధికారం వచ్చింది, గరిష్ఠ గడువు 25 ఏళ్లు. బెర్లిన్ నగరం 1996 నుంచి తన భవనాలను గుంపులుగా కలిపి ఇదే పద్ధతిలో ఇస్తూ వచ్చింది. పద్ధతిలో లోపం లేదు. చిక్కంతా ఒక్కచోటే ఉంది: పొదుపును ఏ మీటరూ చూపించదు. మీటరు చూపేది వాడిన యూనిట్లను. వాడకుండా మిగిలినవాటిని లెక్కగట్టే తేల్చాలి. ఆ లెక్క ఎలా కడతారో ఒప్పందంలో ఎంత వివరంగా రాసుకున్నారో, పూచీకి అంతే బలం.

అప్పు ఎవరిది, పూచీ ఎవరిది

ఇలాంటి పనులు చేసే కంపెనీలను ఎస్కోలు అంటారు. వీటితో ఒప్పందాలు ముఖ్యంగా రెండు రకాలు. పూచీ పొదుపు పద్ధతిలో అప్పు మీ సంస్థ తీసుకుంటుంది. ఎస్కో పని చేసి, ఏటా ఇన్ని యూనిట్లు తగ్గుతాయని పూచీ పడుతుంది, తగ్గకపోతే తేడా కడుతుంది. పంపకం పద్ధతిలో పెట్టుబడి ఎస్కోదే, వచ్చిన పొదుపును ఇద్దరూ పంచుకుంటారు. ప్రభుత్వ సంస్థకు సాధారణంగా తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది కాబట్టి మొదటిదే చవక. రెండోదాంట్లో ఎస్కో తన ఎక్కువ వడ్డీని, తను మోసే రిస్కు ఖరీదునూ మీ వాటాలోంచే రాబట్టుకుంటుంది. చిన్న ఎస్కోలైతే నాలుగు ప్రాజెక్టులు అయ్యేసరికి అప్పు పరిమితి నిండి, అయిదోది ఎత్తుకోలేవు కూడా.

అయితే మొదటి పద్ధతిలో ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. బ్యాంకుకు మీ పొదుపుతో పని లేదు. పొదుపు వచ్చినా రాకపోయినా కిస్తీ మీరు కట్టాల్సిందే. ఎస్కో మూతపడితే పూచీ పోతుంది, అప్పు మిగులుతుంది. అందుకే పూచీ వెనక ఏముందో చూడాలి: మాతృసంస్థ హామీపత్రమా, ఏటా పునరుద్ధరించే బ్యాంకు గ్యారంటీయా, లేక ఒట్టి సంతకమా? పని పూర్తి చేయడానికి ఇచ్చే పర్ఫార్మెన్స్ బాండ్‌ను చూసి ధైర్యపడే అధికారులు చాలామంది ఉంటారు. అది నిర్మాణం ముగియగానే అయిపోతుంది, పొదుపు లోటును పూడ్చదు. పదేళ్ల బాండ్ ఇవ్వడానికి పూచీ సంస్థలు సాధారణంగా ముందుకు రావు, కాబట్టి ఏడాదికోసారి పునరుద్ధరించే ఏర్పాటే అడగండి. పునరుద్ధరించకపోతే దాన్ని ఒప్పంద ఉల్లంఘన కింద లెక్కించాలని కూడా రాయించండి.

మీ పద్దుల్లో ఇది అప్పుగా కనబడుతుందా లేదా అన్నది ఆర్థిక శాఖతో ముందే తేల్చుకోవాలి. యూరప్‌లో దీని మీద ఏళ్ల తరబడి అయోమయం నడిచింది. చివరికి యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ 2017లో కొత్త మార్గదర్శకం, 2018లో యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుతో కలిసి వివరమైన గైడూ విడుదల చేయాల్సి వచ్చింది. అక్కడ కూడా చూసేది పేరును కాదు, రిస్కులో, లాభంలో ఎక్కువ భాగం ఎవరికి పోతోందన్నదే.

బిల్లు తగ్గితే ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

సాంకేతికంగా బ్రహ్మాండంగా నడిచిన ప్రాజెక్టులు కూడా కుదేలయ్యేది ఇక్కడే. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

కరెంటు బిల్లు నడుపు ఖర్చుల పద్దులోంచి పోతుంది. అప్పు కిస్తీ మరో పద్దులోంచి పోవాలి. మొదటి ఏడాది బిల్లు పాతిక శాతం తగ్గిందనుకోండి. మరుసటి ఏడు బడ్జెట్ వేసేవారు "పోయినేడు ఇంతే ఖర్చయింది కదా" అని కరెంటు కేటాయింపును పాతిక శాతం కోసేస్తారు. పొదుపు నిజంగానే వచ్చింది, కానీ కిస్తీ కట్టడానికి మీ చేతిలో మిగల్లేదు. మంచి పనికి శిక్ష పడినట్టే. దీనికి మందు ఒక్కటే: ఒప్పందం నడిచినంతకాలం "కరెంటు బిల్లు, పొదుపు కిస్తీ" రెండూ కలిపి పాత బిల్లు స్థాయిలో ఒకే మొత్తంగా కేటాయిస్తామని, పద్దు మార్పిడికి అనుమతి ఉందని ఆర్థిక శాఖ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అది చేతికి రాకముందు టెండర్ పిలవకండి.

అద్దె భవనాల్లో మరో మెలిక. బిల్లు కట్టేది ఒకరు, భవనం సొంతదారు ఇంకొకరు. ఆ రెండు సంతకాలూ లేకపోతే ఆ భవనాన్ని జాబితాలోంచి తీసేయడం మేలు. అయిదారేళ్లలో కూల్చబోయేవి, వేరే శాఖకు ఇవ్వబోయేవి కూడా తీసేయండి.

మిగిలినవాటిని గుంపు కట్టండి. ఒక్క చిన్న బడికి ఆడిట్, లాయరు, కొలతల ఖర్చులు పెడితే పొదుపంతా వాటికే చాలదు. అదే ఆసుపత్రి, ఆఫీసులు, బడులు కలిపితే పెద్ద భవనాల పొదుపు చిన్నవాటినీ మోస్తుంది. ఎస్కోకు నచ్చిన రెండు భవనాలనే ఎంచుకునే అవకాశం మాత్రం ఇవ్వకూడదు. అలాగే పనుల్లో కూడా. లైట్ల మార్పు రెండు మూడేళ్లలో డబ్బు తిరిగిస్తుంది, పైకప్పు ఇన్సులేషన్, కిటికీలు ఇరవై ఏళ్లు తీసుకుంటాయి. మీగడ తీసుకున్నట్టు లైట్లు మాత్రమే మార్చి వెళ్లిపోతే, మిగిలిన పనికి ఇక ఎప్పటికీ డబ్బు పుట్టదు. రెండూ కలిపి సగటు పదేళ్లలోపు వచ్చేలా చూడండి. ఏ పరికరం ఆయుష్షు కంటే కూడా దాని అప్పు గడువు ఎక్కువ ఉండకూడదు.

ఆడిట్‌కూ ఒక ఒప్పందం

కంపెనీ ఉచితంగా చేసే నడక సర్వే అంచనాకే పనికొస్తుంది. సంతకం పెట్టాల్సింది పెట్టుబడి స్థాయి ఆడిట్ (పొదుపు, ఖర్చులను వివరంగా లెక్కగట్టే తనిఖీ) చూశాకే. దానికి విడిగా చిన్న ఒప్పందం రాసుకోండి. ఎస్కో ముందు ఒప్పుకున్న కనీస పొదుపు, ఖర్చు పరిమితులు ఆడిట్‌లో నిలవకపోతే ఫీజు లేదు. నిలిచి, మీరే వెనక్కి తగ్గితే ఫీజు కట్టాలి. ప్రాజెక్టు ముందుకెళ్తే ఆ ఫీజు ప్రాజెక్టు ఖర్చులో కలిసిపోతుంది. ఈ ఏర్పాటు ఇద్దరినీ నిజాయితీగా ఉంచుతుంది.

బేస్‌లైన్

పాత పరిస్థితిలో భవనం ఎంత వాడేదన్న లెక్కే బేస్‌లైన్. కనీసం 12 నెలల బిల్లులు కావాలి, 24 నుంచి 36 నెలలవి ఉంటే మంచిది. బిల్లు తేదీలు నెల తేదీలతో సరిపోవు కాబట్టి రోజుల లెక్కన సరిచేయాలి. అంచనా రీడింగు మీద వచ్చిన బిల్లులను ఏరేయాలి. తర్వాత వాడకాన్ని వాతావరణంతో, పని దినాలతో ముడిపెట్టే సమీకరణం కట్టాలి. ఆర్‌స్క్వేర్ (వాడకంలోని హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని ఆ సమీకరణం వివరిస్తోందో చెప్పే అంకె) 0.75 దాటితే సాధారణంగా పనికొచ్చే నమూనా అంటారు. దాటలేదంటే వాడకాన్ని నడిపించేది ఇంకేదో ఉందన్నమాట, దాన్ని వెతకండి.

ఎందుకింత గొడవ అంటే, ఒక లెక్క చూడండి. ఒక ఆఫీసు భవనం ఏటా 6,00,000 యూనిట్లు వాడేది. నమూనా ఇలా వచ్చింది: నెలకు 30,000 యూనిట్లు ఎలాగూ కాలతాయి, దానిమీద ఒక్కో కూలింగ్ డిగ్రీ డేకు (బయటి వేడి ఒక మూల ఉష్ణోగ్రతను రోజూ ఎన్ని డిగ్రీలు దాటిందో కూడిన లెక్క) 80 యూనిట్లు. బేస్‌లైన్ ఏడాది మొత్తం 3,000 డిగ్రీ డేలు. పూచీ 1,50,000 యూనిట్లు. పని అయ్యాక వచ్చిన ఏడు చల్లగా ఉంది, 2,700 డిగ్రీ డేలే. వాడకం 4,40,000. బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే 1,60,000 తగ్గింది, పూచీ దాటేసింది. కానీ ఆ చల్లటి ఏడాదిలో పాత భవనమే అయినా 5,76,000 యూనిట్లే వాడేది. అసలు పొదుపు 1,36,000. లోటు 14,000 యూనిట్లు, అది మీకు రావాల్సిన డబ్బు. ఎండలు ముదిరిన ఏడాదిలో ఇదే లెక్క ఎస్కోకు అన్యాయం జరగకుండా ఆపుతుంది. వాతావరణ కేంద్రం ఏది, డిగ్రీ డేలకు మూల ఉష్ణోగ్రత ఎంత, ఈ రెండూ ఒప్పందంలోనే ఉండాలి.

బేస్‌లైన్‌ను ఉబ్బించే మార్గాలు కూడా తెలిసుండాలి. కాలిపోయిన ట్యూబులను వెలుగుతున్నట్టు లెక్కించడం అందులో మొదటిది. చెడిపోయి ఆగిన ఏసీలను నడుస్తున్నట్టు రాయడం రెండోది. సేవా లోపాన్ని సరిచేయడానికి కొంత కరెంటు అదనంగా కావాలన్నది నిజమే. ఆ సర్దుబాటు చేయాలనుకుంటే విడి పంక్తిగా, కారణంతో సహా చూపాలి. బేస్‌లైన్‌లో కలిపేయకూడదు.

ఏ కొలత పద్ధతి దేనికి

అంతర్జాతీయంగా వాడేది ఐపీఎంవీపీ అనే నియమావళి. అందులో నాలుగు దారులున్నాయి. ఏ: మార్చిన పరికరంలో ముఖ్యమైన ఒకటి రెండు అంశాలు కొలిచి, మిగతావి అంచనా వేయడం. బీ: ఆ పరికరానికి సంబంధించిన అన్నీ కొలవడం. సీ: మొత్తం భవనం మీటరు మీద లెక్కించడం. డీ: కంప్యూటర్ నమూనాను బిల్లులతో సరిపోల్చి వాడటం. పొదుపు మొత్తం బిల్లులో 10 శాతం కంటే తక్కువ ఉంటే సీ పనికిరాదు, నెలనెలా సహజంగా ఉండే ఊగిసలాటలోనే అది కలిసిపోతుంది. డీ దారి బేస్‌లైన్ బిల్లులు లేని భవనాలకు. ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే ఇచ్చిన గైడ్‌లైన్ 14 ప్రకారం నెలవారీ లెక్కలో నమూనా పక్షపాతం (మొత్తం మీద ఒకవైపే ఒరిగే తప్పు) 5 శాతం లోపల, చెదురు (నెలనెలా అటూ ఇటూ వచ్చే తేడా) 15 శాతం లోపల ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ దుర్వినియోగమయ్యేది మొదటిదైన 'ఏ' దారే. లైట్లనే తీసుకోండి. 36 వాట్ల పాత ట్యూబు, రాగి చోక్‌తో కలిపి సుమారు 46 వాట్లు తింటుంది. దాని బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ. 2,000 ట్యూబులంటే 52 కిలోవాట్లు తగ్గాయి, ఇది మీటరు పెట్టి ఎవరైనా చూపించగలరు. పొదుపు మాత్రం గంటల మీద ఆధారపడి ఉంది. ఏడాదికి 2,500 గంటలైతే 1,30,000 యూనిట్లు. కాగితం మీద 4,000 గంటలని రాస్తే 2,08,000. నిజంగా వెలిగేది 1,800 గంటలే అయితే 93,600. వాట్లు మాత్రమే కొలిచి గంటలను "ఇరుపక్షాలూ అంగీకరించిన సంఖ్య" అని రాసేస్తే, ఆ పూచీ ఎన్నడూ తప్పదు. ఎందుకంటే అందులో తప్పడానికి ఏమీ లేదు. ఒక్కో రకం గదికి (తరగతి, నడవా, ఆఫీసు, మరుగుదొడ్డి) నమూనాగా కొన్ని చోట్ల లాగర్లు (లైటు వెలిగిన గంటలు నమోదు చేసే చిన్న పరికరాలు) పెట్టి, సెలవులు కూడా కలిసేలా కనీసం మూడు వారాలు కొలవమనండి. సెలవుల కాలం, పరీక్షల కాలం విడిగా చూడాలి.

పంపులు, ఫ్యాన్లకు వీఎఫ్‌డీలు (మోటారు వేగం తగ్గించే పరికరాలు) పెడితే వేగం 80 శాతానికి దించగానే కరెంటు 51 శాతానికి పడుతుందని ఘనం లెక్క (0.8 × 0.8 × 0.8) చూపిస్తారు. పైఅంతస్తుకు నీళ్లెత్తే స్థిర ఒత్తిడి ఉన్నచోట అంత తగ్గదు. ఇంకా పెద్ద పొరపాటు: ఏసీ యూనిట్ల దగ్గర పాత మూడు దారుల వాల్వులు అలాగే వదిలేయడం. అక్కర్లేని నీళ్లు పక్కదారిన తిరిగి వచ్చేస్తుంటాయి, ప్రవాహం తగ్గదు, వీఎఫ్‌డీ ఏడాదంతా 50 హెర్ట్జ్ దగ్గరే, అంటే పూర్తి వేగంలోనే ఉంటుంది. రెండు దారుల వాల్వులు, గొట్టం చివరి కొసన పీడన సెన్సర్ పనుల జాబితాలో ఉన్నాయో లేదో చూడండి.

చిల్లర్లకు బీ దారే వాడాలి. పాతవి టన్నుకు (ఇది బరువు కాదు, చల్లదనానికి కొలత) 1 కిలోవాట్ పైన తింటుంటే, మంచి వాటర్ కూల్డ్ యంత్రం 0.55 నుంచి 0.65 మధ్య నడుస్తుంది. లెక్క తేలిక: గంటకు ఎన్ని ఘనమీటర్ల నీళ్లు, వాటిని వచ్చే పోయే ఉష్ణోగ్రతల తేడాతో గుణించి 3.024తో భాగిస్తే టన్నులు. గంటకు 120 ఘనమీటర్లు, తేడా 5 డిగ్రీలు అయితే దాదాపు 198 టన్నులు. ఇక్కడ దెబ్బతీసేది సెన్సర్లు. తేడా 5 డిగ్రీలే ఉన్నప్పుడు రెండు సెన్సర్ల మధ్య అర డిగ్రీ తప్పు ఉంటే ఫలితంలో 10 శాతం తప్పు. విడివిడిగా కొన్నవి కాకుండా ఒకదానికొకటి సరిచూసిన జత సెన్సర్లే పెట్టించండి. గొట్టం మీద అంటించినవి కాదు, నీళ్లలోకి దిగే జేబుల్లో ఉండేవి. వాటి కాలిబ్రేషన్ పత్రం ఏటా ఇవ్వాలి.

పనులన్నిటి పొదుపులనూ కూడేయడం మరో తప్పు. లైట్లు, ఇన్సులేషన్ వల్ల చల్లదనం భారం 20 శాతం తగ్గి, కొత్త చిల్లర్ వల్ల మరో 40 శాతం తగ్గితే మొత్తం 60 కాదు, 52. చిల్లర్ పొదుపు మిగిలిన 80 మీదే కదా. సోలార్ ప్యానెళ్లు కలిపితే వాటి ఉత్పత్తిని పొదుపులో చూపనివ్వకండి, దానికి విడి మీటరు, విడి పూచీ ఉండాలి.

డబ్బు లెక్కలో చూడాల్సినవి

పూచీ యూనిట్లలో ఉండాలి, డబ్బులో కాదు. డబ్బులో ఉంటే రేట్లు పెరిగినప్పుడల్లా, పని పాడైనా సరే, పూచీ నెరవేరినట్టు కనిపిస్తుంది. యూనిట్లను డబ్బుగా మార్చే ధర, ఏటా పెరుగుదల ముందే రాయాలి. పెరుగుదల ఏటా 5 శాతం అనుకుంటే 15 ఏళ్లకు ధర 2.08 రెట్లు, 2 శాతమే అనుకుంటే 1.35 రెట్లు. అదే ప్రాజెక్టు మొదటి అంకెతో లాభంగా, రెండో అంకెతో నష్టంగా కనబడొచ్చు. తక్కువ అంకెతోనే కిస్తీ నిలవాలి. గరిష్ఠ డిమాండ్ చార్జీ (ఒకేసారి అత్యధికంగా లాగిన లోడు మీద వేసే రుసుము) తగ్గుతుందని చూపితే, ఆ డిమాండ్ వచ్చే గంటలో ఆ పరికరం నిజంగా నడుస్తోందా అని అడగండి. రాత్రి దీపాల పొదుపు మధ్యాహ్నపు డిమాండ్‌ను తగ్గించదు.

"నిర్వహణ పొదుపు" అనే పంక్తిని అనుమానించండి. ఇక కొనక్కర్లేని ట్యూబులు, ఆగిపోయే మెయింటెనెన్స్ కాంట్రాక్టు లెక్కకొస్తాయి. జీతం తీసుకుంటూనే ఉండే ఎలక్ట్రీషియన్ సమయం రాదు.

ఎస్కో తను అంచనా వేసినదాంట్లో 80 నుంచి 90 శాతానికే పూచీ ఇవ్వడం మామూలే, తప్పు కాదు. పూచీ మొత్తం మాత్రం కిస్తీతో పాటు ఏటా కొలతల ఫీజునూ కప్పాలి. కొలతల ఖర్చు ఏడాది పొదుపులో 10 శాతం దాటకుండా చూసుకోవాలని ఐపీఎంవీపీయే చెబుతుంది. ఆ ఫీజు మిగుల్చుకుందామని మూడో ఏట కొలతలు ఆపేస్తే పూచీ రద్దవుతుందని చాలా ఒప్పందాల్లో ఉంటుంది, కాబట్టి ఆపకండి. ఎస్కో నివేదికను చూడటానికి మీ తరఫున స్వతంత్ర నిపుణుడిని పెట్టుకోండి. లోటు 60 రోజుల్లో డబ్బుగా రావాలి. ఒక ఏటి మిగులును మరో ఏటి లోటుకు సర్దుకోవడానికి ఒప్పుకోకండి.

ఎవరి తప్పు ఎవరిది

పరికరం పనితీరు ఎస్కో బాధ్యత. వాడే గంటలు, జనం, వాతావరణం మీవైపు. ఈ విభజనను పట్టికగా రాసుకోవాలి. అమెరికా ఫెడరల్ ఎనర్జీ మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్ వాడే రిస్కు, బాధ్యతల పట్టిక మంచి నమూనా. దానితోపాటు సౌకర్య ప్రమాణాలు: ఏ గదిలో ఎంత ఉష్ణోగ్రత, బల్ల మీద ఎన్ని లక్స్ (వెలుతురు కొలత), బయటి గాలి ఎంత. రాత, చదువు పనికి 500 లక్స్ అన్నది యూరోపియన్ ప్రమాణం. ఇవి రాయకపోతే చల్లదనం తగ్గించి, గాలి తగ్గించి కూడా పొదుపు చూపొచ్చు. ఆసుపత్రిలో అది ప్రాణాల మీదికి వస్తుంది.

మీవైపు నుంచి జరిగే మార్పులకు ఒక రిజిస్టరు పెట్టండి. కొత్త సర్వర్ గది, రెండో షిఫ్టు, ఒక అంతస్తు మూసివేత, ఏది జరిగినా తేదీ, లోడు రాసి మూడు నెలలకోసారి ఇరుపక్షాలూ సంతకం చేయాలి. 2020లో భవనాలు ఖాళీ అయినప్పుడు బిల్లులు పడిపోయాయి. ఏ సర్దుబాటు ఎలా చేయాలో ముందే రాసుకున్నవాళ్లకు అది లెక్కగా మిగిలింది, రాసుకోనివాళ్లకు తగాదా అయింది. కొత్త లోడు పెట్టిన రోజే దానికి సబ్ మీటరు పెట్టేస్తే సగం వాదన అక్కడే ముగుస్తుంది.

పొదుపును చంపేది చాలాసార్లు ఎవరో ఒకరు నొక్కిన బటను. ఒకరోజు గది వేడిగా ఉందని బీఎంఎస్‌లో (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) షెడ్యూలును మాన్యువల్‌లోకి మారుస్తారు, అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. మాన్యువల్‌లో ఉన్న పాయింట్ల జాబితాను బీఎంఎస్ వారానికోసారి తనంతట పంపేలా పెట్టించండి, దాన్ని చదివే మనిషి పేరు నిర్ణయించండి.

చివరగా ముగింపు నిబంధనలు. మధ్యలో మీరు వదులుకోవాలంటే ఏ ఏట ఎంత కట్టాలో పట్టిక ఒప్పందంలోనే ఉండాలి. ఆఖరి ఏట చిల్లర్ టన్నుకు ఎన్ని కిలోవాట్లు తింటోందో మళ్లీ కొలిచి, మొదట రాసిన అంకెకు ఎంత దూరంలో ఉండవచ్చో ఆ పరిమితిలోపల అప్పగించాలి. బీఎంఎస్ పాస్‌వర్డులు, లైసెన్సులు, కంట్రోల్ ప్రోగ్రాముల కాపీలు కూడా అదే రోజు మీ పేరు మీదికి మారాలి. లేకపోతే మీ భవనంలో సెట్‌పాయింట్ (ఏసీకి పెట్టిన ఉష్ణోగ్రత) మార్చుకోవడానికి కూడా ఆ కంపెనీనే పిలవాల్సి వస్తుంది.